దారులు వేసిన అంధుడు: జాన్ మెట్కాఫ్

మనము ప్రతిదినము నడచు దారిని గూర్చి ఆలోచించువారు అరుదు. ఇల్లు కట్టించినవాని పేరు గుమ్మముమీద నుండును. వంతెన కట్టించినవాని పేరు శిలాఫలకమున నుండును. దారి వేసినవాని పేరు మాత్రము దుమ్ములో కలిసిపోవును. బండి బోల్తాపడిననాడు దారిని నిందింతుము. క్షేమముగా ఇల్లు చేరిననాడు దానిని తలపనైన తలపము. ఇట్లు మఱుగునపడక పేరు నిలుపుకొనిన దారినిర్మాతలు కొందఱే. వారిలో నొకడు ఇంగ్లండు దేశస్థుడగు జాన్ మెట్కాఫ్. అతడు సుమారు 180 మైళ్ల దారులు వేసెను. అతనికి రెండు కన్నులును లేవు. ఈ సంచికలో మా విద్యార్థులకు చెప్పదగిన జీవితమేదియని మేము విచారించినప్పుడు ఇతని జీవితమే మా మనస్సున నిలిచినది.

మెట్కాఫ్ 1717వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన యార్క్‌షైరు మండలములోని నేర్స్‌బరో అను పట్టణమున జన్మించెను. తలిదండ్రులు రెక్కాడినగాని డొక్కాడని పేదవారు. అయినను కుమారుని నాలుగవయేట బడికి పంపిరి. రెండేండ్లు చదివినాడో లేదో, ఆఱవయేట మశూచి సోకి బాలుని కన్నులు రెండును పోయినవి. ఆ కాలమున ఇంగ్లండులో అంధుల కొఱకు పాఠశాల యొక్కటియు లేదు. అట్టి మొదటి పాఠశాల లివర్‌పూలు నగరమున 1791వ సంవత్సరమున గాని నెలకొనలేదు. వ్రేళ్లతో తడవి చదువు చుక్కల లిపిని కల్పించిన లూయీ బ్రెయిలు 1809వ సంవత్సరమున గాని పుట్టలేదు. అట్టి దినములలో కన్నులు పోయిన పేదబాలునికి భిక్షాటనము తప్ప వేఱు గతి లేదని లోకము తలంచెడిది.

మెట్కాఫ్ అట్లు తలంపలేదు. రోగము నెమ్మదించిన ఆఱు నెలలకు గోడలు తడవుకొనుచు తమ వీధి చివఱవఱకు పోయి తిరిగి వచ్చుట నేర్చెను. మూడేండ్లకు ఆ పట్టణమున ఏ యింటికైనను ఒంటరిగా పోగలిగెను. తోడిబాలురతో చెట్లెక్కెను, గుఱ్ఱపుస్వారి నేర్చెను, నిడ్ నదిలో ఈదులాడి, మునిగిపోవుచున్న స్నేహితులను గట్టునకు చేర్చెను. తలిదండ్రులు అతనిని మూల కూర్చుండబెట్టి కన్నీరు విడువక, ఫిడేలు నేర్పించి జీవనోపాధి చూపిరి. ఈ విషయమును మా పాఠశాల బాలుర తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింప ప్రార్థించుచున్నాము. బిడ్డకు అవయవలోప మున్నదని చాటున దాచుట ప్రేమవలె కనబడును. కాని ఆ ప్రేమ వానిని లోకమునకు దూరము చేయును.

యౌవనమున మెట్కాఫ్ ఆఱడుగులకు మించిన పొడవుతో బలశాలియై, హారోగేటు అను ఊట స్నానముల పట్టణమునకు వచ్చు ధనికుల సభలలో ఫిడేలు వాయించుచు ధనమార్జించెను. పందెములు కాయుట మొదలగు దోషములును అతనికి లేకపోలేదు. మేము వానిని దాచము, మెచ్చము. డొరొతీ బెన్సను అను నామెను వివాహమాడి సంసారియయ్యెను.

ఆ దినములలో జరిగిన రెండు సంగతులు తరువాతి కథకు మూలములైనవి.

మొదటిది: ఒకప్పుడు అతడు లండను నగరమునకు పోయి స్వగ్రామమునకు మరలుచుండగా, లిడెల్ అను సేనాని తన బండిలో చోటిచ్చెదననెను. మెట్కాఫ్ వందనములు చెప్పి, తాను నడచియే పోయెదననెను. రెండువందల మైళ్ల ప్రయాణము. సోమవారమున బయలుదేరి, చేతికఱ్ఱతో నడచిన అంధుడు శనివారము సాయంకాలమునకు హారోగేటు చేరెను. సేవకులతోను గుఱ్ఱములతోను బయలుదేరిన సేనాని త్రోవలో ఆదివారము విశ్రమించి, సోమవారమునకు గాని చేరలేదు. ఇది మెట్కాఫ్ కాళ్ల బలమును చూపుట నిజమే. కాని అంతకంటె ఎక్కువగా ఆనాటి దారుల దుస్థితిని చూపుచున్నది. మనిషి నడకకంటె బండి వెనుకబడు దారి దారియే కాదు.

రెండవది: ఒక రాత్రి యార్కు పట్టణము నుండి హారోగేటునకు పోవలసిన యొక పెద్దమనుష్యుడు చీకటికి వెఱచి దారి చూపువానిని వెదకుచుండెను. మెట్కాఫ్ ఆ పనికి ఒప్పుకొని, ముందు తాను గుఱ్ఱముమీద నడచుచు, మలుపులును గోతులును తప్పించి, ఆయనను సురక్షితముగా బసకు చేర్చెను. బస చేరి వెలుతురులో విచారించిన పిమ్మట గాని తన్ను నడిపించినవాడు అంధుడని ఆ పెద్దమనుష్యునికి తెలియలేదు. ముందే తెలిసినయెడల ఆయన అడుగైన వేసియుండడు. చీకటిలో కన్నులున్నవానికిని లేనివానికిని భేదము లేదు; దారిని లోపలనుండి ఎఱిగినవానికిని ఎఱుగనివానికిని మాత్రమే భేదము.

1745వ సంవత్సరమున స్టూవర్టు రాజవంశీయుడగు చార్లెసు ఎడ్వర్డు స్కాట్లండున తిరుగుబాటు లేవదీసినప్పుడు మెట్కాఫ్ రాజపక్షపు సేనలో వాద్యకాడుగా చేరి, ఫాల్కర్కు, కల్లోడెను యుద్ధములవఱకు వెంటపోయెను. తిరిగివచ్చిన తరువాత సరకుల వ్యాపారము చేసెను. చేతితో తడవి గుఱ్ఱముల మంచిచెడ్డలు తెలిసికొని కొని అమ్మెను. యార్కు, నేర్స్‌బరో పట్టణముల నడుమ ప్రయాణికుల కొఱకును సరకుల కొఱకును బండి నడపెను. ఆ బండి నడుపుటలోనే ఆ త్రోవలలోని ప్రతి గుంటయు, ప్రతి ఊబియు అతని ఎముకలకు తెలిసినవి. ఇరుసు విఱిగిన నష్టము అతనిదే. గుఱ్ఱము కాలు విఱిగిన నష్టమును అతనిదే.

ఇక్కడ ఆనాటి దారులను గూర్చి కొంత చెప్పవలెను. ఇంగ్లండులో 1555వ సంవత్సరపు చట్టము ప్రకారము దారులు బాగుచేయు భారము ఆయా గ్రామ సంఘములమీద నుండెను. గ్రామస్థులు ఏటికి నాలుగు దినములు, తరువాత ఆఱు దినములు, కూలి లేకుండ పని చేయవలెను. కూలి లేని పని ఎట్లుండునో మన మెఱుగుదుము. గుంటలో నాలుగు తట్టల మట్టి పోసి ఇండ్లకు పోయెడివారు. వాన రాగానే ఆ మట్టి బురదయై, మునుపటికంటె లోతు గుంట పడెడిది. వ్యవసాయ విషయములను వ్రాసిన ఆర్థర్ యంగు 1770వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో, ఉత్తర దేశపు దారి యొకదానిమీద బండిచక్రముల గాడిని తాను కొలువగా నాలుగడుగుల లోతున్నదని వ్రాసెను. బండ్లు బోల్తాపడుట, గుఱ్ఱములు కూలబడుట ఆ కాలమున నిత్యకృత్యము. దీనికి మందుగా పార్లమెంటువారు సుంకపు దారుల పద్ధతి నేర్పరచిరి. దారిమీద పోవువారి యొద్ద సుంకము వసూలుచేసి, ఆ ధనముతో దారిని వేయించి కాపాడుట దాని ఉద్దేశము.

1765వ సంవత్సరమున హారోగేటు నుండి బరోబ్రిడ్జి వఱకు అట్టి దారి వేయుటకు చట్టము పుట్టినది. దారిపని తెలిసిన కంట్రాక్టుదారులు అప్పటికి బహు కొలది. నలువది యెనిమిదేండ్ల అంధుడు మెట్కాఫ్ ముందుకు వచ్చి, మిన్‌స్కిప్, ఫెరెన్స్‌బీ గ్రామముల నడుమ మూడు మైళ్ల దారిని తనకిమ్మని కోరెను. అతనిని ఎఱిగిన సర్వేయరు ఆ పని అతనికప్పగించెను. అప్పగించిన వాని సాహసమును మెచ్చదగినదే.

ఆ ప్రాంతమున కంకర దొరకు గొయ్యి యొక్కటే. మెట్కాఫ్ ఆ గోతి ప్రక్కనే కూలివారు పండుకొనుటకు వసతియు, గుఱ్ఱములకు పాకలును కట్టించెను. కూలివారు రాకపోకలలో ప్రొద్దు పుచ్చకుండ పనికి దగ్గఱగా నుండుటయే దీని మర్మము. వారి భోజనమునకు కావలసిన మాంసపు బరువును తానే భుజమునమోసి, తెల్లవారుజామున నడచి, ఆఱు గంటలకెల్ల వారిని చేరెడివాడు. అనుకొనిన గడువుకంటె ముందుగనే దారి పూర్తియై, సర్వేయరుకును ధర్మకర్తలకును సంతృప్తి కలిగినది.

పిమ్మట పనిమీద పని వచ్చెను. హారోగేటు, నేర్స్‌బరోల నడుమ దారి వేయునప్పుడు జరిగిన సంగతి చిత్రమైనది. గడ్డి కప్పిన నేలమీద నడచుచు మెట్కాఫ్ ఒకచోట ఆగి, ఇక్కడి నేల ప్రక్కనేలవలె లేదని చెప్పి త్రవ్వించెను. కొన్ని యడుగుల లోతున పురాతన రోమనుల కాలపు రాతిదారి బయల్పడినది. పదునేడు శతాబ్దముల మట్టి క్రింద నున్న రాతిని కన్నులున్నవారు చూడలేదు. అంధుని పాదములు పసికట్టినవి. ఆ రాళ్లే క్రొత్త దారికి ఉపయోగపడినవి.

అన్నిటికంటె గొప్ప పరీక్ష ఊబినేల. ఆ దారిలోనే మఱియొకచోట ఊబి అడ్డము వచ్చినది. దానిమీద దారి నిలువదనియు, చుట్టు తిరిగి పోవలెననియు సర్వేయరు అభిప్రాయపడెను. మెట్కాఫ్ తిన్నగా దాటించెదననెను. కొండనేలలలో పెరుగు హెదర్ అను గుబురు మొక్కలను, ముండ్లపొదలను కోయించి, ఊబిమీద దట్టముగా పఱపించి, దానిమీద కంకర పోయించెను. ఆ పొర తెప్పవలె బరువును నలుప్రక్కలకు పంచిపెట్టినది. ఒకచోట పడిన భారము ఒకచోటనే దిగబడక విశాలమైన నేలమీదికి వ్యాపించుటచే దారి క్రుంగలేదు. కంకర గట్టిపడిన తరువాత ఆ భాగమే దారియంతటిలో మేలైనదిగా ఎంచబడెను.

తరువాత హడర్స్‌ఫీల్డు నుండి మాంచెస్టరునకు పోవు కొండదారిలో ఇంతకంటె లోతైన ఊబి ఎదురయ్యెను. ఊబిమట్టినంతయు త్రవ్విపోసి గట్టినేల చేరవలెనని అక్కడి సర్వేయరు పట్టుపట్టెను. ఆ లెక్కను వ్యయము మితిమీఱును. పని ఎన్నటికిని తెమలదు. పైగా అది నీరు నిలుచు లోతైన కాలువ యగును. మెట్కాఫ్ మొక్కల కట్టలను వరుసలుగా పేర్పించి, అడ్డముగా మఱల పేర్పించి, రాళ్లను కంకరను పోయించెను. మొదట రాళ్ల బండ్లు దానిమీద సాగినప్పుడు చూడవచ్చినవారు దిగబడునని కాచుకొనియుండిరట. దిగబడలేదు. ఆ భాగము పండ్రెండేండ్లవఱకు మరమ్మతు కోరలేదని అతని జీవితచరిత్రకారులు చెప్పుదురు.

ఈతని పద్ధతిలోని సూత్రములను మేము సంగ్రహముగా చెప్పెదము. మొదటిది, పునాది. పైపొర ఎంత నునుపైనను, అడుగు మెత్తనైనచో దారి మోసము చేయును. రెండవది, నీటిని తొలగించుట. దారికి శత్రువు బండికాదు, వాననీరు. కావున దారి నడుమభాగమును తాబేటివీపువలె కొంచెమెత్తుగా నుంచి, నీరు తక్షణమే ఇరుప్రక్కల కాలువలలోనికి జాఱునట్లు చేసెను. వాలు చాలనిచో నీరు నిలుచును. మితిమీఱినచో బండి ప్రక్కకు ఒరిగి బోల్తాపడును. ఈ రెంటి నడుమ మేరను కనిపెట్టుటలోనే నేర్పున్నది. మూడవది, నేలను ముందుగా తానే పరీక్షించుట. అతని పనిముట్లు రెండు: పొడవైన చేతికఱ్ఱ, దూరమును కొలుచు చక్రము. కఱ్ఱతో పొడిచి నేల గట్టిదనమును, ధ్వనిని బట్టి లోపలి బోలును తెలిసికొనెను. చక్రమును దొర్లించి దూరమును లెక్కించెను. తక్కిన గణితమంతయు మనస్సులోనే.

మాంచెస్టరు విద్వత్సమాజమున అంధత్వమును గూర్చి వ్యాసము చదివిన బ్యూ అను వైద్యుడు డెర్బీషైరు కొండలలో ఇతనిని స్వయముగా చూచెను. తోడెవ్వరును లేక, చేతికఱ్ఱ యొక్కటి పట్టుకొని, నిట్రమైన కొండలెక్కుచు, లోయలలో దిగుచు, దారి ఎటు పోయిన ఎక్కుడు తగ్గునో విచారించుచుండెనని ఆయన తెలిపినాడు. తన అంచనాలు తానెట్లు వేయునో మెట్కాఫ్ ఇతరులకు విడమఱిచి చెప్పలేకపోయెడివాడట. ఇది ఒక లోపమే. అతని తరువాతి తరమున జాన్ లౌడన్ మెకాడమ్ అను నాతడు దారిపని సూత్రములను గ్రంథరూపమున వ్రాసి లోకమునకిచ్చెను. కనుక మెకాడమ్ విద్య అందఱికి చేరినది; మెట్కాఫ్ విద్య చాలవఱకు అతనితోనే పోయినది. విద్యార్థులారా, నేర్చినదానిని ఇతరులకు తెలియునట్లు వ్రాసిపెట్టుట కూడ పరోపకారమే యని దీనివలన తెలిసికొనుడు.

మెట్కాఫ్ తన చివఱి దారిని హాస్లింగ్డెను, అక్రింగ్టను ప్రాంతమున వేసి 1792వ సంవత్సరమున ముగించెను. అప్పటికి డెబ్బదియైదవయేడు. ఆ సమయమున పడవకాలువలు త్రవ్వు పనులు ముమ్మరమై కూలిరేట్లు హెచ్చుటచే అతనికి నలువది పౌనుల నష్టము వచ్చినది. పునాదిలో రాయి తగ్గించిన నష్టము పూడియుండును. భూమిలోపల వేసినది ఎవరు చూతురు? అయినను అతడు నష్టము భరించియే పని ముగించెను. జీవితమంతయు వేసిన దారులకు వచ్చిన సొమ్ము సుమారు 65,000 పౌనులనియు, ఒక్కొక్కప్పుడు అతని క్రింద నాలుగువందల మంది పనిచేసిరనియు చెప్పబడుచున్నది. పిమ్మట స్పాఫర్తు గ్రామమున కుమార్తె యొద్ద వ్యవసాయము చూచుకొనుచుండెను. 1795వ సంవత్సరమున అతడు చెప్పగా వ్రాసిన జీవితకథ యార్కు నగరమున అచ్చయ్యెను. 1810వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన, తొంబదిరెండేండ్లు నిండి, దేహము విడిచెను. స్పాఫర్తు దేవాలయపు ఆవరణమున అతని సమాధి కలదు. నేర్స్‌బరో సంతవీధిలో 2009వ సంవత్సరమున, దూరమాపక చక్రమును పట్టుకొని బల్లపై కూర్చున్న అతని కంచువిగ్రహమును ప్రతిష్ఠించిరి.

చదువరులలో కొందఱు, ఇది పాతకథ, నేటి యినుపచక్రములు లేని వేగపు వాహనములకును దీనికిని సంబంధమేమని అడుగవచ్చును. సంబంధము కలదు. నేటి పెద్దదారుల అంచున ఇంజనీర్లు అడ్డగాడులు చెక్కింతురు. కునికిపాట్లు పడు సారథి దారి తప్పినంతనే ఆ గాడులమీద చక్రమెక్కి మ్రోయును, అదురును. కన్నులు మూతపడినను దేహమునకు హెచ్చరిక అందును. జపాను దేశస్థుడగు సెయిచీ మియాకే 1965వ సంవత్సరమున కనిపెట్టిన బుడిపెల పలకలు 1967వ సంవత్సరమున ఒకాయామా పట్టణమున అంధుల పాఠశాల దగ్గఱ మొదటిసారి పఱవబడినవి. నేడు అనేక దేశములలో రైలుస్టేషన్లలోను కాలిబాటలమీదను అంధుల పాదములకు దారి చెప్పుచున్నవి. పాదములతో దారిని చదువవచ్చునని మెట్కాఫ్ చూపినదియు ఇదియే కదా.

మన దేశమున దారుల నిర్మాణమునకు మార్గదర్శక గ్రంథములు ప్రకటించు ఇండియన్ రోడ్సు కాంగ్రెసు 1934వ సంవత్సరమున ఏర్పడినది. రహదారి భద్రతా పరీక్షను గూర్చి ఆ సంస్థ ప్రత్యేక గ్రంథము ప్రకటించినది. దారిని వేసినవారు కాక వేఱొకరు దానిని పరీక్షించి, బండివాని దృష్టితో మాత్రమే గాక, నడచువాని దృష్టితోను, సైకిలువాని దృష్టితోను, పగలును రాత్రియు చూచి, ప్రమాదము జరుగకముందే దోషము కనిపెట్టుట ఆ పరీక్షయొక్క సారము. పరికరములు మాఱినవి గాని, నేలమీద స్వయముగా నడచి చూడవలెనను ధర్మము మాఱలేదు. 2022వ సంవత్సరమున మన దేశపు దారులమీద 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరని ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. ఒక్కొక్క లెక్క వెనుక ఒక్కొక్క యిల్లున్నది. మా పాఠశాలకు నడచి వచ్చు బాలబాలికలును అట్టి దారులమీదుగనే వచ్చుచున్నారు.

అంధుని యెదుట అడ్డు వేయరాదని మోషే ధర్మశాస్త్రము శాసించుచున్నది. ఆ శాసనమును మేము అనేకసార్లు తరగతిలో బోధించితిమి. మెట్కాఫ్ జీవితమును చదివిన తరువాత దాని అర్థము మాకు మఱింత లోతుగా తోచినది. కన్నులున్నవారి త్రోవలోని అడ్డులను ఒక అంధుడు తొలగించెను. తాను ఎన్నడును చూడని దారిమీద, తాను ఎన్నడును చూడబోని జనులు క్షేమముగా నడువవలెనని ముప్పదియేండ్లు శ్రమపడెను. కన్నులున్న మనము దారిలో గాజుపెంకు కనబడినను తీసివేయక దాటిపోవుచున్నాము.

మా విద్యార్థులలో కొందఱు ఇంజనీర్లగుదురు; కొందఱు మేస్త్రీలగుదురు; కొందఱు సారథులగుదురు. దారిమీద నడువనివారు మాత్రము ఒక్కరును ఉండరు. ఇంజనీరగువాడు భూమిలో మఱుగునపడు రాయిని గూర్చి అబద్ధమాడకుండుగాక. సారథియగువాడు తన వెనుక కూర్చున్నవారి ప్రాణములు తనచేతిలో నున్నవని మఱవకుండుగాక. తక్కినవారందఱు, రేపు ఉదయము బడికి వచ్చునప్పుడు, దారిలో ఒక్క రాయి యడ్డముగా కనబడినయెడల, వంగి దానిని ప్రక్కకు తొలగించి రండు. మెట్కాఫ్ కఱ్ఱ ఆ పనితోనే మొదలయ్యెను.